ట్రౌట్ వేటకు గ్రాఫైట్ ఫ్లై రాడ్లు: ఏవి దాచుకోవాలి, ఏవి అమ్మేసుకోవచ్చు?

మూడేళ్లు వాడిన ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో పెడితే ఎంతొస్తుందో మనందరికీ తెలుసు. బ్యాటరీ నీరసపడుతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి, కంపెనీయే దాన్ని మర్చిపోతుంది. కానీ 1980ల్లో కార్బన్ ఫైబర్‌తో చేసిన కొన్ని గాలపు కర్రలున్నాయి. వాటి ఓనర్లను ఇవాళ అడిగినా "అమ్మను" అంటారు. సెంటిమెంట్ ఒక్కటే కారణం కాదు. ట్రౌట్ చేప పట్టడమనే పనికి అవి నిజంగానే కొన్ని కొత్త మోడళ్లకంటే బాగా నప్పుతాయి. ఎందుకు నప్పుతాయో అర్థమైతే, ఏది ఉంచుకోవాలో ఏది వదిలించుకోవాలో మీరే తేల్చుకోగలరు.

మన భాషలో "రాడ్" అంటే ముందు ఫ్లాప్ సినిమా గుర్తొస్తుందనుకోండి, అది వేరే సంగతి. సియాటిల్, డెన్వర్ లాంటి చోట్ల ఉద్యోగాలు చేస్తూ వీకెండ్‌లో నది దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టిన తెలుగువాళ్లకు ఈ పాఠం ముందుగా పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ రాడ్ కొందామనుకునేవాళ్లు, కొత్త మోడల్ మోజులో పాతది అమ్మేద్దామనుకునేవాళ్లు, ఇద్దరూ చదవండి.

అసలు ఫ్లై రాడ్ చేసే పనేంటి?

మామూలు గాలంలో బరువు ఎర దగ్గరుంటుంది. సీసం గుండు కట్టి విసిరితే దాని వెనకే దారం పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలు, దారంతో కొక్కేనికి కట్టిన పురుగు బొమ్మ. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని విసరడం కుదరదు కాబట్టి బరువును లైన్‌లోనే పెట్టారు. ఆ లైన్ గాల్లో వెనక్కీ ముందుకీ చాచుకుంటూ పోతుంది, ఎర దాని చివర వేలాడుతూ వెళ్తుంది. రాడ్ ఇక్కడ ఒక స్ప్రింగ్. లైన్ బరువుకు వంగి, చెయ్యి ఆగగానే నిటారుగా లేచి లైన్‌ని ముందుకు తోస్తుంది.

లైన్ బరువుకు నంబర్లున్నాయి. మొదటి 30 అడుగుల లైన్ బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు ఉంటే అది 5 నంబర్. 4 నంబర్ 120 గ్రెయిన్లు, 3 నంబర్ 100 గ్రెయిన్లు. రాడ్ మీద "5" అని రాసుంటే, ఆ 9 గ్రాములకు సరిగ్గా వంగేలా చేశామని కంపెనీ చెబుతున్నట్టు. కనీసం చెప్పాల్సింది అదే. చాలా కొత్త రాడ్లు తమ నంబర్‌కంటే గట్టిగా ఉంటాయి. దాని గురించి కాసేపట్లో.

కార్బన్ ఎలా వచ్చింది

1960ల్లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఉన్న విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ దారాలు తయారుచేసే పద్ధతి రూపుదిద్దుకుంది. అప్పటికి గాలపు కర్రలంటే చీల్చి అతికించిన వెదురువో, ఫైబర్ గ్లాస్‌వో. 1973లో అమెరికాలో ఫెన్విక్ కంపెనీ హెచ్ఎంజీ పేరుతో కార్బన్ ఫ్లై రాడ్‌ను మార్కెట్లోకి దించింది. అమెరికన్లు దాన్ని "గ్రాఫైట్" అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. బ్రిటిష్ వాళ్లు ఇప్పటికీ కార్బన్ అనే అంటారు. రెండూ ఒకటే.

తేడా ఎంతో అంకెల్లో చూద్దాం. గ్లాస్ దారం మొండితనం, అంటే మాడ్యులస్, సుమారు 72 గిగాపాస్కల్స్. సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.55 గ్రాములు. మామూలు రకం కార్బన్ దారానికి ఇవి 230, 1.8. బరువుతో భాగిస్తే కార్బన్ దాదాపు నాలుగున్నర రెట్లు ముందుంటుంది. అందుకే 9 అడుగుల రాడ్‌ని సన్నగా, తేలిగ్గా చేసినా చివర వేలాడిపోకుండా నిలబడింది. గ్లాస్‌తో అంత పొడవు చేస్తే మధ్యాహ్నానికల్లా మణికట్టు లాగేస్తుంది.

తయారీ సింపుల్‌గా చెబితే ఇంతే. ఎపాక్సీ రెసిన్ పూసిన కార్బన్ బట్టను లెక్క ప్రకారం కోస్తారు. ఒక చివర సన్నబడే స్టీల్ కడ్డీ చుట్టూ దాన్ని గట్టిగా చుడతారు. పైన టేప్ బిగించి ఓవెన్‌లో కాలుస్తారు. తర్వాత కడ్డీ లాగేస్తే మిగిలేది బోలు గొట్టం. దాన్నే బ్లాంక్ అంటారు. కొన్ని రాడ్ల మీద సన్నని మెలిక గీతలు కనిపిస్తాయి. అవి ఆ టేప్ గుర్తులు, లోపం కాదు.

మాడ్యులస్ అంటే మెగాపిక్సెల్ లాంటిదే

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అని ప్రకటనల్లో చూసి పెద్ద నంబర్ అంటే మంచి రాడ్ అనుకుంటారు. ఐఎం6, ఐఎం7 అనేవి హెర్క్యులిస్ కంపెనీ తన దారాలకు పెట్టుకున్న పేర్లు. పరిశ్రమ మొత్తానికీ వర్తించే నాణ్యత గ్రేడ్లు కావు. ఎవరో మరో కంపెనీ రాడ్ మీద ఇంకా పెద్ద నంబర్ వేసుకుంటే దానర్థం వాళ్లకే తెలియాలి. 108 మెగాపిక్సెల్ అని స్టిక్కరేసుకున్న చవక ఫోన్ ఫొటోలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, అదే కథ.

రాడ్ స్వభావాన్ని నిజంగా నిర్ణయించేది టేపర్, అంటే మొదలు నుంచి చివరిదాకా గొట్టం ఎక్కడ ఎంత లావు, గోడ ఎంత మందం అన్నది. పలుచని గోడ ఉన్న గొట్టం గట్టితనం దాని వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. గోడ మందం మార్చకుండా వ్యాసం 10 శాతం పెంచితే గట్టితనం 33 శాతం పెరుగుతుంది. అంటే మంచి దారం కొనడంకంటే కడ్డీని ఎలా చెక్కారన్నదే పెద్ద విషయం. మంచి టేపర్ గీసిన మనిషి 1980ల నాటి బట్టతో కూడా అద్భుతమైన రాడ్ చేయగలిగాడు.

మాడ్యులస్ పెంచుకుంటూ పోతే ఇంకో తలనొప్పి ఉంది. అదే గట్టితనానికి తక్కువ బట్ట సరిపోతుంది కాబట్టి గోడ పలుచనవుతుంది. చేతిలో బరువు తగ్గుతుంది, బాగుంటుంది. కానీ పూస కట్టిన బరువైన ఎర గాల్లో తిరిగొచ్చి ఆ గోడకు టక్కున తగిలితే సన్నటి గాటు పడుతుంది. అప్పటికి ఏమీ కాదు. నాలుగు నెలల తర్వాత చేప పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది. ఓనర్ మాత్రం చేప పెద్దదని చెప్పుకుంటాడు.

ట్రౌట్‌కి ఏం కావాలి

రాడ్ రివ్యూల్లో 80 అడుగులు విసిరాం, 90 అడుగులు విసిరాం అని రాస్తుంటారు. వాగులో, చిన్న నదిలో ట్రౌట్ ఎక్కువగా దొరికేది 20 నుంచి 40 అడుగుల లోపే. 20 అడుగుల దగ్గర 5 నంబర్ లైన్ బయట ఉన్నది 9 గ్రాములు కాదు, అంతకు బాగా తక్కువ. గట్టి రాడ్ ఆ బరువుకు అసలు వంగదు. వంగని స్ప్రింగ్ దేన్నీ తోయదు, పనంతా చెయ్యే చేయాలి. ఫోన్‌లో 144 హెర్ట్జ్ డిస్‌ప్లే పెట్టుకుని రోజంతా వాట్సాప్ చూసుకున్నట్టు ఉంటుంది.

రెండోది చివరి దారం. దాన్ని టిప్పెట్ అంటారు. దీని సైజుకు ఒక చిట్కా లెక్క ఉంది: 11 లోంచి నంబర్ తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 6ఎక్స్ అంటే 11లోంచి 6 పోగా 5, అంటే 0.005 అంగుళం, మిల్లీమీటర్లలో 0.127. స్వచ్ఛమైన నీళ్లలో అనుమానపు ట్రౌట్‌ను మోసం చేయాలంటే అంత సన్నం కావాలి. చేప ఒక్కసారిగా తల విదిలిస్తే ఆ జర్క్‌ను మింగాల్సింది రాడ్ కొసే. కొస మెత్తగా లేకపోతే దారం తెగుతుంది, కొక్కెం చేప నోట్లో ఉండిపోతుంది.

కాబట్టి దాచుకోదగ్గ ట్రౌట్ రాడ్ అంటే నా లెక్కలో ఇది: 20 అడుగుల దగ్గర కూడా వంగేది, 45 అడుగులకు కూలబడనిది, కొస మెత్తగా ఉన్నది, చెయ్యి వదలగానే ఊగులాట త్వరగా ఆగేది. ఇవన్నీ ఉన్నవి నిజానికి చాలా తక్కువ.

ఉంచుకోవాల్సినవి

మొదట సేజ్ ఎల్ఎల్. సేజ్‌ను డాన్ గ్రీన్ 1980లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ఐలాండ్‌లో మొదలుపెట్టాడు. సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కితే అరగంట పైచిలుకు. ఎల్ఎల్ అంటే లైట్ లైన్. పాత సేజ్ మోడల్ నంబర్లు చదవడం తెలిస్తే సగం పనైపోయినట్టే: మొదటి అంకె లైన్ నంబర్, తర్వాతి రెండూ పొడవు అడుగులు, అంగుళాల్లో. 389ఎల్ఎల్ అంటే 3 నంబర్ లైన్‌కు 8 అడుగుల 9 అంగుళాలు. 490ఎల్ఎల్ అంటే 4 నంబర్‌కు 9 అడుగులు. ఈ రెండూ దొరికితే అమ్మకండి. చిన్న డ్రై ఫ్లైని, అంటే నీటిపైన తేలే ఎరను, దూదిపింజలా దించడంలో వీటిని మించినవి తర్వాత కూడా ఎక్కువ రాలేదు. గాలి వీస్తే మాత్రం ఇబ్బంది పెడతాయి, అది ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే వచ్చిన ఆర్‌పీఎల్ వరుస వేరే రకం, వేగమైనది. 590ఆర్‌పీఎల్ మంచి రాడ్డే, కానీ సన్నని టిప్పెట్ పనికి నేనైతే ఎల్ఎల్ వైపే ఉంటాను.

విన్‌స్టన్ ఐఎం6 గురించి చెప్పకపోతే అభిమానులు ఊరుకోరు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1929లో పుట్టిన కంపెనీ, 1970ల్లో టామ్ మోర్గన్ చేతికొచ్చి మోంటానాలోని ట్విన్ బ్రిడ్జెస్‌కు మారింది. ముదురాకుపచ్చ రంగు చూస్తే దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. పైన చెప్పిన ఐఎం6 దారాన్నే వాడారు, కానీ దాన్ని గట్టితనం కోసం కాకుండా తేలిక కోసం వాడారు. తెలివంతా అక్కడే ఉంది. మెత్తగా వంగుతుంది, కానీ గ్లాస్‌లా బద్ధకంగా కాదు. ఎనిమిదిన్నర అడుగుల 4 నంబర్ ఉంటే ట్రౌట్‌కు అదొక్కటి చాలు అనేవాళ్లున్నారు. వాళ్లతో వాదించడం కష్టం.

స్కాట్ జి వరుస ఇంకో దారి పట్టింది. హ్యారీ విల్సన్ 1970ల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన కంపెనీ ఇది. రాడ్ ముక్కలు కలిపే జాయింట్ దగ్గర గొట్టం లావెక్కితే అక్కడ వంపు కుంటుపడుతుంది. అందుకే వీళ్లు లోపల బోలు కార్బన్ ముక్కను పెట్టి, బయట లావు పెరగకుండా జాయింట్ చేశారు. వంగినప్పుడు విల్లులా ఒకే వంపు వస్తుంది. కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: ఇలాంటి జాయింట్ బిగించాక కూడా రెండు ముక్కల మధ్య కాస్త సందు కనిపిస్తుంది. కొత్తవాళ్లు అది చూసి పాడైందనుకుని బేరమాడతారు. కావాలనే ఆ సందు వదులుతారు. వాడేకొద్దీ లోపలి ముక్క అరిగి సందు తగ్గుతుంది. సందు పూర్తిగా మూసుకుపోయి ముక్కలు ఒరుసుకుంటుంటేనే అనుమానించాలి.

ఆర్విస్ ఫార్ అండ్ ఫైన్ చిన్నది, 7 అడుగుల 9 అంగుళాలు, 5 నంబర్ లైన్. కొమ్మలు వంగిన వాగుల్లో పెద్ద రాడ్ తిప్పలేం, అక్కడ ఇది హాయి. ఫెన్విక్ హెచ్ఎంజీ అసలు కాలందైతే చరిత్ర కోసమైనా ఉంచుకోవచ్చు. పైగా ఇప్పటికీ చేపలు పడుతుంది. ఆ పేరును కంపెనీ తర్వాత కాలంలో వేరే రాడ్లకు కూడా వాడింది, కాబట్టి పేరొక్కటే చూసి ఎక్కువ ధర పెట్టకండి.

మరి జి. లూమిస్ జీఎల్ఎక్స్? 1990ల్లో తేలికదనంలో అందరి నోళ్లూ మూయించిన రాడ్. ఇంజనీరింగ్‌గా గొప్పది. దూరం విసరాలన్నా, గాలిని చీల్చాలన్నా చేతిలో ఉండాల్సిందే. కానీ గోడ పలుచన, బరువైన ఎరలతో జాగ్రత్త. పెద్ద నదుల్లో తిరిగేవాళ్లు ఉంచుకోండి, వాగులకెళ్లేవాళ్లు మంచి ధరొస్తే ఇచ్చేయండి. సేజ్ ఎక్స్‌పీ లాంటి తర్వాతి ఫాస్ట్ రాడ్లకూ ఇదే మాట.

ఇంట్లోనే టెస్ట్ చేయండి

ఫోన్లకు బెంచ్‌మార్క్ ఉన్నట్టు దీనికీ ఒకటుంది. విలియమ్ హానెమన్ అనే ఆయన "కామన్ సెంట్స్" అనే పద్ధతి పెట్టాడు. రాడ్‌ని బల్లకు అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి తగిలించి, కొస రాడ్ పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా అమెరికన్ పెన్నీలు వేయడం. ఒక్కో పెన్నీ 2.5 గ్రాములు. పెన్నీలు లేకపోతే బియ్యం వేసి, వంటింటి త్రాసు మీద సంచి తూచండి. 9 అడుగుల రాడ్ అంటే కొస 3 అడుగులు దిగాలి. మీ దగ్గరున్న రెండు "5 నంబర్" రాడ్లను ఇలా తూచి చూడండి, ఒకే నంబర్ వెనక ఎంత తేడా ఉందో బయటపడుతుంది.

రెండో టెస్ట్ మీ ఫోన్‌తోనే. రాడ్ మొదలును బిగించి, కొసను కాస్త లాగి వదిలి, స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల దగ్గర వీడియో తీయండి. ఒక పూర్తి ఊపుకు 80 ఫ్రేములు పట్టిందనుకోండి, 240ని 80తో భాగిస్తే సెకనుకు 3 ఊపులు. ఊపులు ఎక్కువైతే రాడ్ వేగమైనదన్నమాట. దానికంటే ముఖ్యమైంది, ఎన్ని ఊపుల్లో కొస నిశ్చలమైందో లెక్కపెట్టడం. విసిరాక కొస ఊగుతూనే ఉంటే ఆ అలలు లైన్‌లోకి దిగుతాయి, ఎర వంకరగా పడుతుంది. రెండు రాడ్లను పోల్చేటప్పుడు రెండిటినీ ఒకే చోట, ఒకేలా బిగించడం మర్చిపోవద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేముందు టేపు తీసుకెళ్లండి. 9 అడుగులంటే 274 సెంటీమీటర్లు, 8 అడుగుల 9 అంగుళాలంటే 267. మోడల్ నంబర్ చెప్పే పొడవుకంటే రెండు అంగుళాలు తగ్గిందంటే కొస ఎప్పుడో విరిగింది, కొత్త రింగు అతికించి అమ్ముతున్నారన్నమాట. మెత్తటి కొసే పోయాక ఆ రాడ్ పేరుకే మిగిలింది. దూది ఉండను రింగుల్లోంచి లాగండి, పోగులు చిక్కుకుంటే లోపల గాడి పడింది, అది మీ లైన్‌ని కోసేస్తుంది. మెల్లగా వంచుతూ చెవి పెట్టండి, "టిక్" మని వినిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

వారంటీలో అసలు మెలిక

ఈ భాగం మాత్రం ఇంకోసారి చదవండి. అమెరికన్ ఫ్లై రాడ్ కంపెనీలు వారంటీలో ఉదారంగా ఉంటాయి. ఆర్విస్ తన ఖరీదైన రాడ్లకు 25 ఏళ్లు ఇస్తుంది, ఇంకొన్ని కంపెనీలు మొదటి ఓనర్‌కు జీవితాంతం అంటాయి. మొదటి ఓనర్‌కు అన్న మాట గమనించారా? సెకండ్ హ్యాండ్‌లో కొన్న మీకు ఆ హక్కు సాధారణంగా రాదు. ఆ లెక్క ధరలో తగ్గించుకోవాలి.

మీరే మొదటి ఓనర్ అయినా సమస్య తీరదు. ఆపేసిన మోడల్‌కు విడిభాగం అయిపోతే, చాలా కంపెనీలు దాని బదులు ఇప్పటి మోడల్ పంపిస్తాయి. కొత్తది, ఖరీదైనది, చూడ్డానికి లాభమే. కానీ మీరు దాచుకున్నది ఆ పాత వంపును, అది ఇక తిరిగిరాదు. పైగా విరగని మిగతా ముక్కలు కూడా వాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు. అందుకే పార్సిల్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి: ఈ ముక్క మీ దగ్గరుందా, లేకపోతే నా రాడ్‌ని అలాగే వెనక్కి పంపిస్తారా? "పంపించం" అంటే ఆగండి. విడిగా రాడ్లు బాగుచేసే పనివాళ్లు లోపల కార్బన్ ముక్క పెట్టి విరిగినచోట అతికించగలరు. కాస్త బరువు పెరుగుతుంది, వంపులో చిన్న తేడా వస్తుంది, అయినా రాడ్ మీదే.

వాడకంలో జాగ్రత్తలు

కార్బన్ కరెంటును పోనిస్తుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి నీళ్లలోంచి బయటికి రండి. కరెంటు తీగల కింద విసరడం, బిగించిన రాడ్ నిలబెట్టుకుని నడవడం రెండూ ప్రాణాల మీదికి తెస్తాయి. ఇందులో చర్చ లేదు.

తడి రాడ్‌ని ట్యూబ్‌లో పెట్టి మూత బిగించకండి, రింగుల దగ్గరి వార్నిష్ పొంగుతుంది. ఎండలో కారులో వదిలితే జిగురు మెత్తబడుతుంది. జాయింట్‌కు అప్పుడప్పుడు మామూలు కొవ్వొత్తి మైనం రాస్తే పట్టు బాగుంటుంది, అరుగుదల తగ్గుతుంది. జాయింట్ బిగుసుకుపోతే మెలితిప్పొద్దు. రాడ్‌ని మోకాళ్ల వెనకగా పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు మెల్లగా బయటికి తెరిస్తే నిటారుగా ఊడొస్తుంది. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇండియాలో ఉన్నవాళ్ల సంగతి. ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి, 20 డిగ్రీలు దాటితే దానికి కష్టకాలమే. కాబట్టి గోదావరి, కృష్ణల్లో వెతికి లాభం లేదు. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ కశ్మీర్ వాగుల్లో, హిమాచల్‌లోని తీర్థన్ లోయలో, దక్షిణాన నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో ఉంది. వెళ్లేముందు ఆయా రాష్ట్రాల మత్స్యశాఖ పర్మిట్, సీజన్ తేదీలు కనుక్కోండి. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే రాడ్ తెప్పించుకోవడం మనకు అలవాటే. నాలుగు ముక్కల మోడల్ అడగండి, రెండు ముక్కలదైతే ట్యూబ్ పొడవు నాలుగున్నర అడుగులు దాటి విమానంలో లగేజీ దగ్గర తలనొప్పవుతుంది. పైన చెప్పిన 1980ల రాడ్లు ఎక్కువగా రెండు ముక్కలవే కాబట్టి, ఆ ట్యూబ్‌ని చెక్‌ఇన్‌లో గట్టి పీవీసీ పైపులో పెట్టి పంపమనండి.